పట్టని బ్రేకు

మా ఏడుగురినీ చూస్తే ఎవరికైనా జాలి వేయాలి, లేకపోతే నవ్వు రావాలి. శని, ఆదివారాలు పొద్దున్న ఎనిమిదింటికల్లా పాత షెడ్డు తలుపు తోసుకుని లోపలికి వెళ్తాం. ఏడుగురికీ కలిపి పద్నాలుగు మోకాళ్ళుంటే వాటిలో సరిగ్గా వంగేవి అయిదో ఆరో. లోపల ఒక డీజిల్ రైలింజను ఉంది. మాలో చాలామంది ఉద్యోగంలో చేరకముందే తయారైన ఇంజను. దాన్ని మళ్ళీ నడిపించాలని ఆరేళ్ళుగా తంటాలు పడుతున్నాం. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ జీతమివ్వరు. ఇంట్లో కుళాయి కారుతోందంటే నెల్లాళ్ళు చెవిన వేసుకోని వాళ్ళం, ఇక్కడ తుప్పు పట్టిన ఒక్క బోల్టు కోసం రెండు వారాలు నేల మీద వెల్లకిలా పడుకుంటాం.

నేను బ్రేకుల ఫిట్టర్ని. ముప్ఫై నాలుగేళ్ళు ఇదే షెడ్డులో పనిచేశాను. గొప్పలు పోతున్నానని అనుకున్నా సరే, నా చేతి పని గురించి షెడ్డులో ఒక మాట ఉండేది. వాడు బిగిస్తే మళ్ళీ చూడక్కర్లేదని. ఆ మాట నేను విన్నాను, నమ్మాను, నెత్తికెక్కించుకున్నాను. జరిగిన అన్యాయమంతా అక్కడే మొదలైంది.

మాకు పెద్ద దిక్కు మాస్టారు. బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యారు. జన్మలో స్పానరు పట్టలేదు గానీ, ఏ ఇంజను ఏ నెలలో తయారైందో, దానికి ఎప్పుడు రంగు మార్చారో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. వాళ్ళింట్లో బీరువా నిండా పాత ఇంజన్ల కాగితాలే. పనికిరాని లైనులో ముళ్ళకంపల మధ్య పద్దెనిమిదేళ్ళు పడి ఉన్న ఈ ఇంజన్ని, కనిపించిన ప్రతి అధికారినీ బతిమాలి షెడ్డు దాకా లాగించుకొచ్చింది ఆయనే. మా అందరి మధ్యా ఆయనొక్కడికే దీని మీద నిజమైన ప్రేమ. మాకు ఉన్నది అలవాటు.

ఇక బావ. మా అక్క మొగుడు. ఈ ఇంజన్ని ఆఖరిసారి నడిపింది అతనే. అందరికన్నా ముందు వస్తాడు, అందరూ వెళ్ళాక వెళ్తాడు. వచ్చి తుడుస్తాడు. ఆరేళ్ళలో అతను చేసిన పనల్లా అదే. గుడ్డపీలికలు, కిరోసిన్ డబ్బా పట్టుకుని ఒక మూల మొదలుపెట్టి ఇంకో మూలకి వెళ్తాడు, అక్కడికి చేరేసరికి మొదటి మూలలో మళ్ళీ మసి చేరుతుంది. డ్రైవరు కుర్చీని కూడా తుడుస్తాడు గానీ అందులో కూర్చోడు. మావాళ్ళు అతన్ని కునుకు అని పిలుస్తారు. చాటుగా కాదు, మొహం మీదే. కునుకూ, ఆ సుత్తి అందుకో అంటే అందిస్తాడు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. బావమరిదిని కదా, ఆటపట్టించడానికి నాకు ఇంకాస్త ఎక్కువ హక్కుందనుకునేవాణ్ణి.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. ఇరవై నాలుగేళ్ళ కిందట ఒక మిట్టమధ్యాహ్నం బావ ఈ ఇంజన్ని ఒక్కదాన్నే యార్డులోకి తెస్తున్నాడు. లైను మార్చడానికి అసిస్టెంటు కిందికి దిగాడు. ఆ లైను చివర అడ్డు దిమ్మె, దాని వెనక లాంతర్ల గది. ఇంజను ఆగాల్సిన చోట ఆగలేదు. దిమ్మెని విరగ్గొట్టుకుని పోయి లాంతర్ల గది గోడలో దూరింది. లోపల కూర్చుని లాంతర్లు తుడుస్తున్న మనిషికి ఒక కాలు పోయింది. కిందికి దిగగానే బావ అన్న మొదటి మాట, హ్యాండిల్ మొత్తం తిప్పాను, బ్రేకు పట్టలేదు అని.

అక్కడికక్కడే పరీక్ష చేశారు. అధికారి చూస్తుండగా ఫోర్‌మన్ హ్యాండిల్‌ని మెల్లగా తిప్పాడు. గాలి బుస్సుమని పోయింది, బ్రేకు చక్కగా పట్టింది. మూడుసార్లు తిప్పితే మూడుసార్లూ పట్టింది. పైగా బావ ముందు రాత్రి డ్యూటీ దిగీ దిగకుండానే ఈ డ్యూటీ ఎక్కాడు. ఇంకేం కావాలి? కునుకు పట్టిందని తేల్చేశారు. ముక్కు బద్దలైన ఇంజన్ని బాగుచేయడం దండగని దాన్ని తీసుకెళ్ళి పక్క లైనులో పడేశారు. మళ్ళీ దాన్ని ఎవరూ విప్పలేదు.

బావ మాత్రం ఒప్పుకోలేదు. ఫోర్‌మన్ నన్ను గదిలోకి పిలిచి, మీ బావ తప్పు ఒప్పుకుంటే డ్రైవరు పని పోతుంది గానీ ఉద్యోగం మిగులుతుంది, మొండికేస్తే రెండూ పోతాయి, నువ్వెళ్ళి నచ్చజెప్పు అన్నాడు. ఆ సాయంత్రం అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ ముందు గదిలో మంచం మీద కూర్చుని కుడి చెయ్యి చూసుకుంటున్నాడు. తిప్పానురా, ఈ చేత్తోనే తిప్పాను అన్నాడు. దానికి నేనన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"తొమ్మిది రోజుల కింద ఆ బ్రేకు వాల్వు బిగించింది నేనే బావా. నేను బిగించింది పట్టకపోవడమనేది ఉండదు. నువ్వు నిద్రపోయి ఉంటావు. తిప్పాలనుకుని, తిప్పాననుకుంటున్నావు."

అతను చెయ్యి ఒళ్ళోకి దించేశాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. మర్నాడు బావ సంతకం పెట్టాడు.

తర్వాత పదమూడేళ్ళు స్టోర్సు కిటికీ వెనక కూర్చుని పనివాళ్ళకి గుడ్డపీలికలు, సబ్బులు ఇచ్చాడు. నిన్నటిదాకా అన్నా అని పిలిచిన డ్రైవర్లు కిటికీలోంచి తల పెట్టి, ఏం కునుకూ, మెలకువగానే ఉన్నావా అని అడిగి పోయేవాళ్ళు. ప్రతి ఆదివారం లాంతర్ల గది మనిషి ఇంటికి వెళ్ళి అతని మంచం పక్కన కూర్చునేవాడు. అతను పోయేదాకా ఒక్క ఆదివారం మానలేదు. ఇంట్లో అక్క సంగతి వేరే. మనవరాలు పుడితే ఆయన ఒళ్ళో పెట్టకండి, కునికి పడేస్తారు అనేది. బస్సులో పక్కన కూర్చుని మోచేత్తో పొడుస్తూ ఉండేది. నలుగురూ ఉన్నప్పుడు మరీ అనేది. బావ మొదట్లో నవ్వేవాడు. తర్వాత తర్వాత నవ్వడం కూడా మానేశాడు. అక్క చెడ్డది కాదు. భర్త ఒక మనిషి కాలు తీశాడని నమ్మి, ఆ సిగ్గుతో బతికింది. నమ్మించింది నేను.

రెండు నెలల కింద బ్రేకుల పని మొదలుపెట్టాను. మిగతా పనంతా అయింది, ఇంజను గుర్రుమంటోంది, ఆపడం ఒక్కటే మిగిలింది. మాస్టారు ప్రారంభోత్సవానికి తేదీ కూడా పెట్టేశారు. ఆ శనివారం మావాళ్ళు కింద బ్యాటరీలతో కుస్తీ పడుతున్నారు, నేనొక్కణ్ణే డ్రైవరు క్యాబులో కూర్చుని హ్యాండిల్ కింద ఉండే వాల్వు విప్పాను.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. ఆ వాల్వు రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలోంచి గాలి కారకుండా ఒక గ్యాస్కెట్టు. కొత్త గ్యాస్కెట్లు స్టోర్సులో ఏనాడూ దొరికేవి కావు, మేమే చేసుకునేవాళ్ళం. అట్టలాంటి షీటుని వాల్వు మొహం మీద పరిచి, గుండ్రటి మొహం ఉన్న సుత్తితో అంచు వెంట చిన్న చిన్న దెబ్బలు వేసుకుంటూ పోతే, ఇనుము అంచుకే షీటు తెగుతుంది. కన్నాల దగ్గరా అంతే, కొట్టగా కొట్టగా బిళ్ళ ఊడి కింద పడుతుంది. ఈ వాల్వుకి అయిదు కన్నాలు. అయిదు బిళ్ళలూ అరచేతిలో వేసుకుని లెక్కపెట్టుకున్నాకే బిగించాలి. పని నేర్చుకునే రోజుల్లో మాకు మొదట నేర్పింది అదే. మామూలు ఫిట్టరు రిటైరయ్యేదాకా లెక్కపెడతాడు. నాలాంటి పేరున్న ఫిట్టరు లెక్కపెట్టడం మానేస్తాడు. ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎవరు చేసిన గ్యాస్కెట్టుకి వాళ్ళు మూలన గాటు పెట్టాలి, కారితే ఫోర్‌మన్ ఎవర్ని తిట్టాలో తెలియడానికి. నాది పక్కపక్కనే రెండు గాట్లు.

వాల్వు పైముక్క ఎత్తగానే ముందు ఆ రెండు గాట్లే కనబడ్డాయి. ఇన్నేళ్ళయినా చెక్కుచెదరలేదని మురిసిపోయాను కూడా. తర్వాత అయిదో కన్నం చూశాను. బ్రేకు వేసినప్పుడు గాలి బయటికి పోవాల్సిన కన్నం అది. దాని బిళ్ళ ఊడిపడలేదు. ఒక పక్క గోరంత మేర అతుక్కుని అక్కడే వేలాడుతోంది.

వేలితో కదిపి చూశాను. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మెల్లగా తిప్పితే గాలి ఆ బిళ్ళ పక్కనుంచి జారుకుని పోతుంది, బ్రేకు పడుతుంది. ప్రాణభయంతో ఒక్క ఊపున తిప్పితే, గాలి విసురుకి బిళ్ళ లేచి కన్నానికి మూతలా కరుచుకుంటుంది. గాలి పోదు, బ్రేకు పట్టదు. బావ ఒక్క ఊపున తిప్పాడు. ఫోర్‌మన్ మెల్లగా తిప్పాడు.

అప్పుడు నాకు బావ గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయని చెప్తే బాగుంటుంది. కానీ అలా జరగలేదు. తల తిప్పి ఎవరైనా చూశారా అని చూశాను. ఎవరూ చూడలేదు. గ్యాస్కెట్టుని మడిచి కళ్ళజోడు పెట్టెలో దాచి, కొత్తది కోశాను. అయిదు బిళ్ళలూ రెండుసార్లు లెక్కపెట్టాను.

ఇక చూడండి నా అవస్థ. తిండి సయించదు. షెడ్డుకి వెళ్తే బావ గుడ్డపీలికతో ఎదురొస్తాడు. ఎవడైనా కునుకూ అని పిలిస్తే నేను తల వంచుకుని బోల్టులు ఏరుకుంటాను. ఈ వారం చెప్తాను, వచ్చే వారం చెప్తాను అనుకుంటూ ఆరు వారాలు గడిపేశాను. అలా గడిచిపోతే బహుశా చెప్పకుండానే చచ్చిపోయేవాణ్ణి. మాస్టారు బోర్డు రాయించడంతో పీకల మీదికొచ్చింది.

చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం ఇంజను చరిత్ర ఒక పెద్ద బోర్డు మీద రాయించాలని ఆయన కోరిక. బరువెంత, వేగమెంత, ఏయే రంగులు అన్నీ రాశారు. చివర ఒక సరదా వాక్యం ఉండాలన్నారు. "ఈ కుర్చీలోనే ఒక డ్రైవరుగారు చిన్న కునుకు తీశారు. ఆయన లేచేసరికి ఇంజను లాంతర్ల గదిని పలకరిస్తోంది." చదివి వినిపించి ఆయనే నవ్వుకున్నారు. మర్యాదస్తుడు కాబట్టి బావకి కూడా చూపించి మీకేం అభ్యంతరం లేదు కదా అని అడిగారు. బావ కళ్ళజోడు సవరించుకుని చదివి, తేదీలో ఒక అంకె తప్పుంది, దిద్దండి అన్నాడు.

నేను మాస్టారింటికి వెళ్ళి ఆ వాక్యం తీసేయమన్నాను. ఎందుకన్నారు. కుటుంబం పరువు అన్నాను. ఆయనకి నిజంగానే బాధేసింది. కానీ, మీ బావగారికే లేని అభ్యంతరం మీకెందుకు, అంకెలు ఎవరు చదువుతారండీ, జనం గుర్తుపెట్టుకునేది ఆ ఒక్క మాటే, పైగా సంతకం చేసిన కాగితం నా బీరువాలోనే ఉంది అన్నారు. కావాలంటే చూపిస్తానని లేచారు కూడా. వద్దన్నాను. ఆ కాగితం మీద సాక్షి సంతకం నాదే.

ప్రారంభానికి వారం ముందు ఆదివారం, అందరూ భోజనాలకి వెళ్ళాక క్యాబులోకి ఎక్కాను. బావ కిటికీ అంచు తుడుస్తున్నాడు. గ్యాస్కెట్టు తీసి అతని చేతిలో పెట్టి చెప్పాను. గాట్లు చూపించాను, బిళ్ళ చూపించాను, లెక్కపెట్టలేదని చెప్పాను, ఆరు వారాలు దాచానని కూడా చెప్పాను. అతను ఆ బిళ్ళని వేలితో ఒకసారి లేపి వదిలాడు. ఇంకోసారి లేపి వదిలాడు. డ్రైవరు కదా, రెండోసారి చెప్పించుకోవలసిన అవసరం లేకపోయింది.

"నువ్వు నిద్రపోలేదు బావా" అన్నాను.

"పోయాను" అన్నాడు. "నాకు బాగా గుర్తుంది. కల కూడా వచ్చింది."

అది ఆ తర్వాత ఎప్పుడో వచ్చిన కల బావా అన్నాను. అతను గ్యాస్కెట్టు తిరిగి నా చేతిలో పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు.

"ఆ రోజు వాల్వు బాగుందన్నావు, నమ్మాను. నా చేతికన్నా నీ మాటే నమ్మాను. ఇవాళ బాగోలేదంటున్నావు. నిన్ను ఎన్నిసార్లు నమ్మాలిరా?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే, నాలుగు తిట్టి ఉంటే, పక్కనున్న సుత్తి తీసుకుని నెత్తిన ఒకటి వేసి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. తర్వాత అతను మెల్లగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పుకొచ్చాడు. సంతకం పెట్టాక రెండేళ్ళు కంటి మీద కునుకు లేదట. పడుకుంటే చాలు, చేతిలో హ్యాండిల్ తగిలేదట. తిప్పానా, తిప్పలేదా అని తెల్లవార్లూ తనకి తనే విచారణ జరిపించుకునేవాడట. చివరికి ఒక రోజు, సరే, నిద్రపోయాను అని ఒప్పేసుకున్నాడట. కాగితం మీద కాదు, లోపల. ఆ రోజు నుంచే మళ్ళీ నిద్ర పట్టిందట. లాంతర్ల గది మనిషి చెయ్యి పట్టుకుని, నిద్రపోయాను, క్షమించు అని అడిగాడట. అతను క్షమించాడట కూడా.

"ఇప్పుడు మెలకువగా ఉన్నానంటే, అదంతా ఏం చేసుకోను?" అన్నాడు. "నా తప్పయితే మోశాను, అయిపోయింది. నీ తప్పంటే ఇవాళ మళ్ళీ మొదలుపెట్టాలి. నాకు డెబ్భై ఒకటి."

అతనే మళ్ళీ, మీ అక్కకి చెప్పాలనుంటే నువ్వే చెప్పుకో అన్నాడు. తను చెబితే సాకు అంటుందట. నువ్వు చెబితే నమ్ముతుంది, నీ మాటంటే దానికి గురి అన్నాడు. తర్వాత, కొత్తదానికి బిళ్ళలు లెక్కపెట్టావా అని అడిగాడు. అయిదు అన్నాను. తలూపి మళ్ళీ కిటికీ అంచు దగ్గరికి వెళ్ళాడు. సిగ్గు విడిచి ఒకటి చెప్పేస్తాను. క్యాబు మెట్లు దిగుతుంటే నాకు ఒళ్ళు తేలికైంది. బావ బయటపెట్టడు. మావాళ్ళకి తెలియదు. నా పేరు నాకే మిగిలింది.

ప్రారంభం రోజు బాగానే జనం వచ్చారు. షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచారు. ఇంజను రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ కక్కి, గర్జించింది. మావాళ్ళలో ఇద్దరు బాహాటంగా ఏడ్చారు. పనిలో ఉన్న ఒక డ్రైవర్ని అడిగి తెచ్చుకున్నాం, అతను ఇంజన్ని షెడ్డు దాటించి, రెండు వందల గజాలు నడిపి, సున్నంతో గీసిన గీత మీద సరిగ్గా ఆపాడు. ఆహా ఏం బ్రేకండీ అని మాస్టారు మైకులో నన్ను పేరుపెట్టి పొగిడారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత బోర్డు చదివారు. చివరి వాక్యానికి అందరూ నవ్వారు. ఆ డ్రైవరుగారు వీరేనండీ అని మాస్టారు చెయ్యి చూపిస్తే, బావ గుంపులోంచి ఒక చెయ్యి పైకెత్తాడు. ఇంకా నవ్వారు.

అక్క నా పక్కనే నిలబడి ఉంది. నవ్వలేదు. నవ్వులు సద్దుమణిగాక బోర్డు దగ్గరికి వెళ్ళి, తనే మళ్ళీ మొదటి నుంచి చదువుకుని, నా దగ్గరికొచ్చింది.

"పెయింటుతో రాసి మరీ నిలబెట్టారు" అంది. "నీ చేతి పనిలో ఉన్న శ్రద్ధలో ఆయనకి పావు వంతు ఉండుంటే, మా బతుకు ఇంకోలా ఉండేదిరా."

బావ పది అడుగుల దూరంలో ఉన్నాడు. క్యాబు ఎక్కడానికి వచ్చినవాళ్ళకి, మెట్టు ఎత్తుగా ఉంది, చూసి ఎక్కండి అని చెబుతున్నాడు. అక్క మాట అతనికి వినబడింది. అక్క ఎప్పుడూ వినబడేలాగే అంటుంది. అతను ఇటు చూడలేదు. అటు తిరిగి ఉన్న ఆ వీపు చూస్తూ, నాకే తెలియకుండా నోరు తెరిచాను.

"అక్కా, ఆ రోజు బావ నిద్రపోలేదు."

అక్క నా వంక తిరిగింది. ఆమె మొహం ఒక్కసారిగా మెత్తబడింది. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే అలా చూసేది.

"నువ్వెప్పుడూ ఇంతేరా. ఆయన్ని వెనకేసుకురాకపోతే నీకు తోచదు. ఆ రోజు నువ్వొచ్చి నచ్చజెప్పబట్టే ఆ ఉద్యోగమైనా నిలబడింది. నీ రుణం మేం తీర్చుకోలేం."

ఇంకొక్క మాట చెప్పాలి. ఆ గ్యాస్కెట్టు కోసింది నేను అని. నాలుగే ముక్కలు, అవి నా నాలుక మీదే ఉన్నాయి. మాస్టారు అటునుంచి, ఫిట్టరుగారూ, ఫోటోకి రండి అని పిలుస్తున్నారు. బావ ఎవరికో చెయ్యి అందించి మెట్టు ఎక్కిస్తున్నాడు. అక్క నా భుజం మీద చెయ్యి వేసి నిమిరింది. నేను కదలకుండా నిలబడి నిమిరించుకున్నాను.